మంత్రిగారి విషపు కుండ

ఏటికి ఈవల ఒకానొక రాజ్యం ఉండేది. పేరు కుందవరం. దాన్ని గజేంద్రభూపతి ఏలేవాడు. ఆయనకు బిరుదులంటే మహా ఇష్టం. భట్టులు పాతిక బిరుదులు వరసగా చదవందే సింహాసనం ఎక్కేవాడు కాదు. అయితే ఆ పాతికలో యుద్ధం గెలిచి సంపాదించుకున్నది ఒక్కటీ లేదు. ఆ లోటు ఆయన్ను లోలోపల తినేస్తుండేది.

ఆ సంగతి మంత్రి మాచనామాత్యుడికి బాగా తెలుసు. ఏటికి ఆవలి మల్లెవాక రాజ్యం మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. అది చేతికొస్తే తన బావమరిదిని అక్కడ అధికారిగా కూర్చోబెట్టాలని ఆశ.

ఒకనాడు మంత్రి సభలో లేచి, "ప్రభూ, మల్లెవాకవాళ్ళు ఊరి బయట పెద్ద పెద్ద తొట్లు కట్టి విషం తయారుచేస్తున్నారు. మన వేగులు కళ్ళారా చూశారు. దాన్ని ఏట్లో కలిపి మనల్ని మట్టుబెట్టాలని వాళ్ళ పన్నాగం. ఒక్క చుక్క ఒంటికి తగిలితే చాలు, ప్రాణం పోతుంది" అన్నాడు.

ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అని రాజు అడగలేదు. ఆ సాయంత్రమే రాజుగారి పేరు మీద వీధి వీధినా దండోరా వేశారు. ఇంటికొక మగవాడు యుద్ధానికి రావాలన్నారు. మగ్గాల ముందు నుంచీ నాగళ్ళ వెనక నుంచీ లేపుకొచ్చిన మనుషుల చేతికి ఈటెలిచ్చి, ఏటి గట్టున గుడారాల్లో పెట్టారు.

వాళ్ళలో కూచన అల్లుడూ ఉన్నాడు. కూచన రాజుగారి బట్టల కొట్టుకు అధికారి. మంచి మాటకారి. రాజుకు ఉత్తరీయం సర్దుతూ నాలుగు చమత్కారాలు విసిరేవాడు, రాజు నవ్వేవాడు. దండు గట్టున ఉన్న పది రోజులూ మాత్రం కూచన నోట చమత్కారం రాలేదు.

"నాన్నా, ఆ విషం సంగతి నిజమేనా?" అని కూతురు అడిగింది.

"నేను చూడలేదమ్మా. చూసినవాళ్ళెవరో కూడా నాకు కనబడలేదు" అన్నాడు కూచన.

దండు కదలడానికి ముందురోజు మంత్రి సభకు ఒక మట్టికుండ తెప్పించాడు. "వేగులు ప్రాణాలకు తెగించి తెచ్చిన విషం ఇదే" అని మూత తీయించాడు. కుళ్ళిన ఆకుల కంపు గుప్పుమంది. సభంతా ముక్కులు మూసుకుంది.

కూచన మూసుకోలేదు. ఆ కంపు అతనికి కొత్త కాదు. రాజుగారి బట్టలకు రంగు వేయించడానికి నెలకోసారి అద్దకంవాళ్ళ వాడకు వెళ్తాడు కదా, అక్కడ నీలిమందు తొట్ల దగ్గర వచ్చేది అచ్చంగా ఇదే.

"ప్రభూ, ఇది బట్టలకు వేసే నీలిమందులా ఉంది" అన్నాడు.

రాజు విసుక్కున్నాడు. "నీకు లోకమంతా బట్టల్లాగే కనబడుతుంది. మంత్రిగారికంటే నీకు ఎక్కువ తెలుసా?"

మంత్రి చిరునవ్వు నవ్వాడు. ఇక వాదించి లాభం లేదని కూచనకు అర్థమైంది. తెల్లవారితే అల్లుడు ఏరు దాటతాడు. అవతల ఈటెలు పట్టుకుని నిలబడేదీ ఇలాంటి అల్లుళ్ళే. గొంతు మామూలుగా పెట్టి అడిగాడు.

"తప్పు క్షమించండి ప్రభూ. ఆ కుండను నన్ను మోయనివ్వండి. సభ చుట్టూ తిప్పి అందరికీ దగ్గరగా చూపిస్తాను. చూసినకొద్దీ పౌరుషం పెరుగుతుంది."

రాజుకు ఆ మాట నచ్చింది. కూచన కుండ నెత్తికెత్తుకుని నడిచాడు. సరిగ్గా మంత్రి ఆసనం ముందుకు రాగానే తివాచీ అంచు కాలికి తగిలినట్టు ముందుకు తూలాడు. కుండ భళ్ళున పగిలింది. లోపలిదంతా మంత్రి ఒళ్ళో పడింది.

సభ చెల్లాచెదురైపోయింది. సేనాపతి ఒక్క గెంతులో స్తంభం వెనక్కి పోయాడు. పండితులు ఒకరినొకరు తొక్కుకుంటూ వాకిలి పట్టారు. గజేంద్రభూపతి సింహాసనం మీదికెక్కి, పంచె రెండు చేతులా పైకి పట్టుకుని నిలబడ్డాడు.

మంత్రి ఒక్కడే కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. ఒళ్ళో తడిసిన పట్టు ఉత్తరీయాన్ని పైకెత్తి చూసుకున్నాడు. పసుపుపచ్చగా ఉన్న తడి గాలి సోకి అందరి కళ్ళముందే నీలంగా మారుతోంది.

"కళ్ళు నెత్తికెక్కాయా నీకు? కొత్త పట్టు. ఈ మరక పోతుందా ఇప్పుడు?" అని కూచన మీద మండిపడ్డాడు.

వాకిలి దాకా పోయిన పండితులు వెనక్కి తిరిగారు.

కూచన చేతులు జోడించాడు. "పోదండీ. నీలిమందు మరక ఎంత ఉతికినా పోదు. కానీ ప్రభూ, ఒక్క విషయం ఆలకించండి. చుక్క తగిలితే ప్రాణం పోతుందని చెప్పినవారు, కుండెడు మీద పడితే మరక పోతుందా అని అడుగుతున్నారు."

మంత్రి తడిసిన ఉత్తరీయాన్ని గబగబా వెనక్కి దాచుకోబోయాడు.

రాజు సింహాసనం మీది నుంచి మెల్లగా దిగాడు. కోపంతో ముఖం ఎర్రబడింది. అంతలో స్తంభం వెనక నుంచి తొంగిచూస్తున్న సేనాపతి కనబడ్డాడు. తన చేతుల్లోని పంచె కూడా కనబడింది. ఆపుకోలేక పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"కూచనా, వేలమందిని చంపించబోయాను. ఆపావు. ఏం కావాలో కోరుకో" అని చేతి కంకణం తీసి తొడిగాడు.

"అబద్ధం ఏ వీధుల్లో చాటించామో, నిజం కూడా ఆ వీధులన్నిటిలో చాటించండి ప్రభూ."

రాజు నవ్వు ఆగింది. "రాజు పొరబడ్డాడని దండోరా వేయించమంటావా?"

"విషమని చాటించింది తమ పేరు మీదే కదా ప్రభూ."

రాజు ఒకసారి సింహాసనం వైపు చూశాడు. చివరికి తల పంకించాడు. "సరే. విచారించకుండా నమ్మిన తప్పు నాది. అదీ చెప్పించు. తెలిసి కల్పించినవాడు మాత్రం పదవి వదిలి, తన నోటితో తనే చెప్పాలి."

మర్నాడు గుడారాలు ఎత్తేశారు. మనుషులు ఇళ్ళ దారి పట్టారు. కూచన కూతురు వాకిట్లోనే మొగుడి చేతిలోని ఈటె లాగి అవతల పారేసింది.

డప్పు వెనక మాచనామాత్యుడు కాలినడకన బయలుదేరాడు. సాలెవీధి మొదట్లో ఆగి, నేల చూస్తూ, "మల్లెవాకలో విషం లేదు. నేను కల్పించి చెప్పాను" అని గొణిగాడు.

కొడుకు అప్పుడే ఇల్లు చేరిన పేరమ్మ అనే ముసలావిడ అరుగు మీద నుంచి చెవి ఒగ్గింది.

"నాయనా, పెద్దదాన్ని, సరిగా వినబడలేదు. ఇంకొక్కసారి చెప్పు."

మాజీ మంత్రి ఇంకొక్కసారి చెప్పాడు. ఆ తర్వాత ఊళ్ళో ఏ వీధికి వెళ్ళినా అంతే. చెవులు బాగా పనిచేసేవాళ్ళకు కూడా మొదటిసారి వినబడలేదు.