మాంత్రికుడి మూడు జెండాలు

సముద్రపుటొడ్డున ఒకప్పుడు మణిధరుడనే రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు సుకేశుడికి బొత్తిగా కుదురు లేదు. భోజనం కూడా నడుస్తూనే చేసేవాడు.

ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు ఓడలు దోచేవాడు. వాణ్ణి పట్టుకొస్తానని పెద్దవాడు వెళ్ళాడు. ఎదురొచ్చిన ఓడ మీద చుట్టాల జెండా చూసి, విందుకు విస్తళ్ళు వేయించాడు. రాయైపోయాడు. రెండోవాడు వెళ్ళాడు. నల్లజెండా చూసి ఈటె విసిరాడు. ఎర్రజెండా లేచింది. అతనూ రాయైపోయాడు. రాణి అన్నం మానేసింది.

సుకేశుడు తాబేలెక్కి బయల్దేరాడు. ప్రతి అలకూ వచ్చేశామా అని అడిగాడు.

"నువ్వు దిగి ఈదినా ఇంతే నాయనా," అంది తాబేలు.

మాంత్రికుడి దీవిలో బందీ అయిన రాకుమారి హేమలేఖ జెండాలు కుడుతోంది. పక్కనే పంజరంలో చిలుక. కరాళుడి ప్రాణం అందులోనే ఉందని ఆమె చెప్పింది. సుకేశుడు వెంటనే దాని మెడ పట్టుకున్నాడు.

"ఆగండి. వాడు చస్తే మీ అన్నలు ఎప్పటికీ రాళ్ళే. మంత్రం వాడే విప్పాలి," అంది హేమలేఖ.

తర్వాత జెండాల సంగతి చెప్పింది. పరాయి జెండా దగ్గరికి చేరడానికి. పుర్రె ఉన్న నల్లజెండాకు అర్థం, తెరచాప దించితే సొమ్ము మాది, ప్రాణం నీది అని. దించకపోతే ఎర్రజెండా. ఇక ఎవరినీ వదలరు. నల్లజెండా మాట కరాళుడు ఎన్నడూ తప్పలేదట. మంచివాడై కాదు, తప్పితే ఆపైన ఏ ఓడా ఊరికే లొంగదని.

ఇద్దరూ చిలుకతో సహా పడవెక్కి, వర్తకుల జెండా కట్టారు. కరాళుడి ఓడ కనబడింది. సుకేశుడు నల్లజెండాకోసం లేచాడు. ఇంకా కాదంది. కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఇంకా కాదంది. మూడోసారి లేస్తే ఆమె జెండా తాడు మీదే కూర్చుంది. కరాళుడి మీసం కనిపించాక పక్కకు జరిగింది.

నల్లజెండా లేచింది. సుకేశుడు చిలుకను చూపించాడు.

"నిన్ను నమ్మడమెలా?" అన్నాడు కరాళుడు.

"జెండా నీదే, దాని మాటా నీదే. చాప దించు, మా అన్నల్ని విడిపించు. ప్రాణం నీది."

కరాళుడు హేమలేఖ ఒళ్ళో ఉన్న ఎర్రగుడ్డను చూసి చాప దించాడు. తన ఓడ మీదున్న రాళ్ళకు మంత్రం విప్పాడు. పెద్దన్న లేస్తూనే వడ్డించారా అని అడిగాడు. రెండో అన్న చిలుక మెడ విరిచెయ్యమన్నాడు. సుకేశుడి వేళ్ళు పంజరం తలుపు మీద ఒకటే కదిలాయి.

చివరికి సొమ్మూ మంత్రదండమూ తీసుకుని, చిలుకను కరాళుడికే ఇచ్చేశాడు.

పెళ్ళయింది. అన్నలు రాజ్యం వద్దన్నారు, రాయిగా ఉన్నప్పుడే సుఖంగా ఉందట. సుకేశుడు చాలాకాలం ఏలాడు. మాట తప్పడని తెలిసి, ఆ నల్లజెండా కనబడగానే సముద్రపు దొంగలందరూ చాపలు దించేవారు. ఎర్రజెండా కుట్టే పని హేమలేఖకు మళ్ళీ పడలేదు.