బోర్లించిన కుండ

గోదావరి ఒడ్డున పెసలలంకలో, తన తాత చెప్పింది తప్ప మరో మాట చెవికెక్కించుకోని పేరిశాస్త్రి అనే వైద్యుడు ఉండేవాడు. ఎవరింట్లో విరేచనాలు పట్టుకున్నా ఆయన చేసే మొదటి పని మంచినీళ్ల కుండ బోర్లించడం. "లంఖణం పరమౌషధం! నీళ్లు పోస్తే రోగానికి మేత వేసినట్టే," అనేవాడు. బతికినవాళ్లు ఆయన హస్తవాసి వల్ల బతికేవాళ్లు, పోయినవాళ్లు తమ తలరాత వల్ల పోయేవాళ్లు. ఎంత చక్కటి న్యాయం!

ఒక ఏడు వరద తీశాక ఊళ్లో విరేచనాలు పాకాయి. నూకాలు ఇంట్లోనూ శాస్త్రి కుండ బోర్లించాడు. ఆమె కొడుకు నాలుక పిడచకట్టి "అమ్మా, నీళ్లే" అని ఏడ్చాడు. ప్రభుత్వ ఆస్పత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు సత్యవేణి పరుగున వచ్చింది.

"శాస్త్రిగారూ, వీడి ఒంట్లో నీరంతా పోతోందండీ. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు, పంచదార కలిపి పట్టిద్దాం," అంది.

శాస్త్రి కళ్లెర్రజేశాడు. "నిన్నగాక మొన్న వచ్చి నాకు పాఠాలా? ఈవిడ మాట విన్నావో, నీ గుమ్మం తొక్కను నూకాలూ!"

నూకాలు భయపడింది. తెల్లవారేసరికి పిల్లవాడు పోయాడు. "ఆయుష్షు తీరింది," అని శాస్త్రి చేతులు దులుపుకున్నాడు. దులుపుకోవడానికి అదేమన్నా దుమ్మా? పసివాడి ప్రాణం!

వారం తిరక్కుండానే అదే రోగం శాస్త్రికి వచ్చింది. సాయంత్రానికి గొంతు ఎండిపోయి "నీళ్లు" అన్నాడు. భార్య రాజ్యం ఏడుస్తూ బోర్లించిన కుండ చూపించింది.

"పోస్తే ప్రాణం పోతుందని మీరే కదండీ చెప్పారు. నా చేతులతో ఎలా పొయ్యను?"

తన మాట తనకే ఉరితాడైంది. ఆ దాహంలో ఆయనకు నూకాలు కొడుకు ఏడుపు వినిపించింది.

అంతలో నూకాలే చెంబుతో వచ్చింది. అవి డాక్టరమ్మ కలిపిచ్చిన ఉప్పు, పంచదార నీళ్లు. "తాగండి బాబుగారూ," అంటూ గుక్క గుక్కగా పట్టింది.

కోలుకున్నాక శాస్త్రి కుమిలిపోయాడు. "నీ కొడుకును చంపింది నేనేనమ్మా," అన్నాడు.

"అవునండి," అంది నూకాలు. ఆమె ఓదార్చలేదు. "ఇంకే తల్లికీ ఇలా కాకూడదనే మిమ్మల్ని బతికించాను. ఊరు మీ మాటే ఇంటాది. మీరు బోర్లించిన కుండలు మీరే నిలబెట్టండి."

శాస్త్రి ఇల్లిల్లూ తిరిగి కుండలు నిలబెట్టాడు. నూకాలు ఇంటి ముందు మాత్రం ఆయన తలెత్తలేకపోయాడు.

తాతలనాటిదైనా తప్పు తప్పే. కళ్లెదుట ప్రాణం పోతున్నా దాన్ని ఒప్పుకోనిది వైద్యం కాదు, హత్య.