ఒలకని గిన్నె

భూమి కంపించి రాళ్ళగుట్టలో ఇళ్ళన్నీ బీటలు వారాయి. ఆ ఊరి కుమ్మరి సూరమ్మ రాజసభకు వెళ్ళి, వానలు పడేలోగా ఇళ్ళు నిలబెట్టుకోవడానికి అడవి కలప ఇప్పించమని రాజును వేడుకుంది.

మంత్రి విరూపయ్య అడ్డుపడ్డాడు. "కంపం ఎంతటిదో కొలవడానికి కోటలో నీళ్ళగిన్నె పెట్టాం. చుక్క కూడా ఒలకలేదు. రాజ్యమంతటికీ అదే కొలత. అది చిన్న కంపమే!"

"అందరికీ ఒకే కొలత ఉండటం న్యాయమే అయ్యా," అంది సూరమ్మ. "మా ఊళ్ళో నేల ఇంకా కదులుతూనే ఉంది. ఆ గిన్నెనే తెచ్చి మా ఇంట్లో పెట్టి, తమరే కొలవండి."

రాజు సరేనన్నాడు. మర్నాడు మంత్రి సూరమ్మ ఇంట్లో గిన్నె పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి నేల ఊగింది. గిన్నె బోర్లాపడింది, గోడ పెళ్ళలు రాలాయి. మంత్రి కళ్ళు మూసుకుని, చేతికందిన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అది సూరమ్మ అత్తగారిది. చూపు లేని ఆ ముసలమ్మ, అతనెవరో తెలియకుండానే తల నిమిరింది.

"భయపడకు నాయనా, నేనున్నాగా."

విరూపయ్య ఆ చెయ్యి వదలకుండా ఆమెను వాకిట్లోకి నడిపించాడు. వెంట వచ్చిన భటుణ్ణి పిలిచాడు.

"బళ్ళు కట్టించు. ముందు ఈ అమ్మ ఇంటికి కలప రావాలి."