మొగుడి రంగు కుండీ

అనగనగా ఒక అడవి. తలెత్తితే ఆకాశం కనపడనన్ని చెట్లున్న అడవి. అయినా అక్కడి జంతువులకు చెట్ల పిచ్చి తీరలేదర్రా. మూరెడు దాటకుండా కత్తిరించి, కుండీల్లో బోన్సాయ్ చెట్లు పెంచుకునేవి. ఏడాదికోసారి సభ పెట్టి, వాటిని పోటీలో ప్రదర్శించేవి.

సభకు ఒక నియమం ఉంది. ఆడ జంతువు పెంచిన చెట్టయితే, కుండీ ఆవిడ మొగుడి ఒంటి రంగులో ఉండాలి.

"లేకపోతే ఆ చెట్టు ఎవరి తాలూకో ఎలా తెలుస్తుంది?" అనేవాడు అధ్యక్షుడు ఏనుగు.

ఎలుగుబంటి భార్యకు నల్ల కుండీ. నక్క భార్యకు గోధుమరంగు కుండీ. వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా తాయారుకే. ఆమె మొగుడు పరంధామయ్య ఊసరవెల్లి. తాయారూ ఊసరవెల్లే అనుకోండి. కానీ ఆమె రంగేమిటని ఎవరూ అడగలేదు.

తాయారు ఒక చింతచెట్టును గింజ నుంచి పెంచింది. పరంధామయ్య ఆకుల్లో పడుకుని ఆకుపచ్చగా ఉంటే, ఆకుపచ్చ కుండీ కొంది. ఇంతలో సభ కార్యదర్శి పులి వాళ్లింటికి వచ్చాడు. పరంధామయ్య భయభక్తులతో పసుపు రంగుకు తిరిగి, అలాగే ఉండిపోయాడు. తాయారు చెట్టును పెకలించి, వేళ్లు కత్తిరించి, పసుపు కుండీలోకి మార్చింది. సగం ఆకులు రాలిపోయాయి.

సభ రోజున ఏనుగు ఎదురొచ్చాడు. పరంధామయ్య చటుక్కున బూడిద రంగయ్యాడు.

"ఏమే, బూడిద కుండీ తెచ్చి మార్చు. అధ్యక్షులవారు చూస్తున్నారు" అన్నాడు.

తాయారు కుండీలో మట్టి తడిమి చూసింది. ఇంకోసారి వేళ్లు కదిపితే చెట్టు బతకదు.

"చచ్చిపోతుందండీ. మీరే కాసేపు పసుపులోకి రండి. మీకు రెప్పపాటు పని" అంది.

"పెళ్లాం కుండీ కోసం రంగు మారానంటే మగాళ్లలో తలెత్తుకోగలనా?"

"పులి కోసం మారినప్పుడు ఆ తల ఎక్కడ పెట్టుకున్నారు?"

"పోనీ, మారవయ్యా" అన్నాడు ఏనుగు. అధ్యక్షుడు స్వయంగా పలకరించేసరికి పరంధామయ్య వణికిపోయి, ఏనుగు కంటే బూడిదగా తయారయ్యాడు.

"కుండీ రంగు కలవలేదమ్మా. మారుస్తావా, పోటీలోంచి తీసెయ్యమంటావా?" అన్నాడు ఏనుగు.

"తీసెయ్యండి" అంది తాయారు.

మొదటి బహుమతి ఎలుగుబంటి భార్యకు వచ్చింది. ఆమె నల్ల కుండీ నిగనిగలాడిపోతోంది. అందులోని చెట్టు పోయిన వేసవిలోనే ఎండిపోయింది. న్యాయనిర్ణేతలు ఒక్కరూ కుండీ అంచు దాటి పైకి చూడలేదు.

తాయారు చింతచెట్టును ఇంటికి తెచ్చి నీడన పెట్టింది. కొన్నాళ్లకు చిగురు వేసింది. పరంధామయ్య అటూ ఇటూ చూసి, దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఎవరూ లేరుగా. ఇప్పుడు పసుపులోకి రానా?"

"ఇప్పుడెందుకండీ? ఆ చెంబు అందుకుని చెట్టుకు నీళ్లు పొయ్యండి."

నీతి: మారడం ఎవరికి తేలికో వాళ్లనే మారమనాలి. వేళ్లున్నదాన్ని పెకలించకూడదు.