తన కోట తలుపు తీయడం రాని రాజు

అనగనగా ఒక కోట, ఆ కోటకో రాజు. పేరు సింగమరాజు. మంచివాడే, కాకపోతే ఒళ్ళొంగదు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, లేకపోతే గోడకి చెబుతున్నట్టుంటుంది నాకు.

ఈ రాజుకి ఏ పని చూసినా విసుగే. మనకెందుకర్రా ఈ శ్రమ, పొరుగుదేశం వాళ్ళు చేస్తామంటున్నారుగా అని ఒక్కొక్కటే వాళ్ళకి అప్పజెప్పేశాడు. వంట వాళ్ళది, వడ్డన వాళ్ళది, గుర్రాలు వాళ్ళవి, గుగ్గిళ్ళు వాళ్ళవి. చివరికి కోట కాపలా కూడా వాళ్ళదే! నలభై ఏళ్ళు తలుపు కాచిన పోలయ్య తాతని ఇంటికి పొమ్మన్నాడు.

కోడలు అక్కమ్మ పరుగెత్తుకొచ్చింది. మామగారూ, పోలయ్య పోతే ఆ పని తెలిసినవాడే ఉండడు, మనవాళ్ళలో ఇద్దరికి నేర్పాకైనా పంపండి అని మొత్తుకుంది. నేర్చుకుని ఏం చేస్తారమ్మా, చేసేవాళ్ళున్నారుగా అని నవ్వేశాడాయన. ఆ నవ్వు చూస్తే నాకే ఒళ్ళు మండింది, ఆ పిల్లకి ఎలా ఉందో!

ఒకనాడు పొద్దున్నే రాజు నలుగురిని వెంటబెట్టుకుని వేటకి వెళ్ళాడు. మధ్యాహ్నం ఆకలితో తిరిగొస్తే ఏముంది? తలుపు మూసుంది! తీయండ్రా అంటే, మా దొర సెలవు లేదు అన్నారు కాపలావాళ్ళు. పొద్దుగూకేలోపు మా దొర ఏనుగెక్కి వస్తున్నాడు, ఇక ఈ కోట ఆయనదే అన్నారు.

"ఇది నా కోటరా!" అని అరిచాడు రాజు.

"అలాగా! అయితే దీని తలుపు ఎలా తీస్తారో చెప్పండి చూద్దాం" అన్నాడొకడు పైనుంచి.

రాజు తలుపుని కిందనుంచి పైదాకా చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నివేల సార్లు దాటాడో ఆ గడప! లోపల ఎన్ని గడులు, అదే గడియలు, ఉన్నాయో తెలీదు, ఎటు జరుగుతాయో తెలీదు. అయ్యో నా రాజ్యం అని నడిరోడ్డు మీద కూలబడ్డాడు.

అంతలో వెంట వచ్చిన నలుగురిలో ఒకడు వెనకవైపు చూసొచ్చి చెవిలో ఊదాడు, కోట వెనకాల దిడ్డి కదులుతోందని. దిడ్డంటే చిన్న తలుపర్రా, ఒక్క మనిషి దూరేంత. దాని గడులు కాపలావాళ్ళకి ఎంత లాగినా రాలేదట. పాడైపోయిందిలే అని అక్కడ మనిషినే పెట్టలేదు. అందరూ చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళారు. రాజు చూస్తుండగానే కింది గడి టక్కుమంది, పై గడి టక్కుమంది, తలుపు కాస్త పైకి లేచింది, నడిమి గడి టక్కుమంది. తెరిచిందెవరు? కుమ్మరివాళ్ళ పిల్ల గురివి! వెనకాల అక్కమ్మ.

రాజు ఆ పిల్ల దగ్గరికి పరుగెత్తాడు. నీకెవరు నేర్పారే అన్నాడు.

"మీరు పొమ్మన్న తాతే, దొరా. అక్కమ్మగారి పెరట్లో మా అయిదుగురికీ నేర్పాడు."

రాజు సిగ్గుతో తల దించుకుని, తన కోటలోకి తనే వంగి దూరాడు పాపం. కాపలావాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చునుంటే ఊరంతా అదే దిడ్డిలోంచి దూరి రోకళ్ళతో చుట్టుముట్టి కట్టిపడేశారు. సాయంత్రం పొరుగురాజు ఏనుగెక్కి వచ్చాడు, మూసిన తలుపు చూశాడు, గోడ మీద జనాన్ని చూశాడు, వచ్చిన దారినే పోయాడు.

మర్నాడు రాజే పోలయ్య ఇంటికి నడిచి వెళ్ళి, తప్పయింది, మళ్ళీ పనిలోకి రమ్మన్నాడు. నా చేతుల్లో సత్తువ లేదు దొరా, పని గురివికివ్వండి, నేను పక్కన కూర్చుని చెబుతాను అన్నాడు తాత. సరే, ఇక నువ్వూ నలుగురికి నేర్పాలి, నీ దగ్గర మొదట ఎవరు నేర్చుకుంటారే అని ఊరివాళ్ళు గురివిని అడిగారు. ఆ పిల్ల ఎవర్ని చూపించిందనుకున్నారు? రాజునే! ఊరంతా హడలిపోయింది. రాజు మాత్రం పంచె ఎగ్గట్టాడు.

మూడు రోజులు దిడ్డి గడులు లాగాడు. చేతులు బొబ్బలెక్కాయి, మోకాలు దోక్కుపోయింది. మోకాలితో తలుపు ఎత్తకుండా లాగినప్పుడల్లా గురివి కేకేసేది.

"మోకాలు, దొరా, మోకాలు!"

నాలుగోనాడు తలుపు తెరుచుకుంది. రాజు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడట.

పని ఎవరికైనా అప్పజెప్పొచ్చమ్మా, తెలివి మాత్రం అప్పజెప్పకూడదు. తెలిసింది పక్కవాడికి చెప్పకుండా దాచుకోనూ కూడదు. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పటి దారి పడదాం.