బిరడా వదలని నాంచారి

అనగనగా ఒక అడవి. ఎండాకాలం వస్తే ఆ అడవి మొత్తానికీ తాగడానికి ఒకటే మడుగు. దాని చుట్టూ మట్టికట్ట, అవసరమైనప్పుడు కొంచెం నీళ్లు వదలడానికి దానికో తూము. ఆ కట్టకి కాపలా నాంచారి అనే ఉడుము. మహా మొండిది. ఒకసారి పట్టిందంటే వదిలే రకం కాదు.

కట్ట కట్టింది నీటికుక్కలు. కట్టేటప్పుడు నీళ్లు ఎలా పారుతున్నాయో చూసుకోడానికి అడుగున ఒక కన్నం పెట్టి, దానికి చెక్క బిరడా బిగించాయి. అది లాగితే మడుగు మొత్తం ఖాళీ! పనయ్యాక ఆ కన్నం పూడ్చాలా వద్దా? "కన్నం నాంచారి కాపలా ఉండే గూట్లోనే ఉందిగా, బయటివాళ్లెవరొస్తార్లే" అని చేతులు దులుపుకుని పోయాయి. ఎంత బద్ధకమో చూశారా!

అడవికి పెద్ద పోలయ్య అనే ఎలుగుబంటి. కొండమీద ఉండేవాడు. ఏ పని చెప్పాలన్నా మాణిక్యం అనే చిలకతో చెప్పి పంపేవాడు. మాణిక్యం గొంతు వినపడితే చాలు, నాంచారి ఆ పని చేసెయ్యాలి. అదీ అక్కడి కట్టుబాటు. మాణిక్యం పాపం అబద్ధం ఎరగదు. కాకపోతే విన్నదల్లా పైకి అనేస్తుంది.

ఆ అడవిలోనే ఒక బావురుపిల్లి ఉండేది. చేపలంటే దానికి ప్రాణం. మడుగు ఎండితే చేపలన్నీ తనవే కదా! తనే వెళ్తే నాంచారి తోకతో నాలుగు తగిలిస్తుంది. అందుకని మాణిక్యాన్ని పిలిచి జామపళ్లు పెట్టింది. చిలక తింటున్నంతసేపూ పక్కన కూచుని, "కొమ్మ ఊపు, రెమ్మ ఊపు, అడుగు బిరడా లాగిపారెయ్" అని పాడింది.

మాణిక్యం ఆ పాటే పాడుకుంటూ వచ్చి కట్టమీద వాలింది. నాంచారి వింది. మాణిక్యం గొంతే! బిరడా పట్టుకుని లాగింది. బుస్సుమని నీళ్లు చిమ్మాయి. "ఇంత ఎండల్లో మడుగు ఖాళీ చేస్తే పిల్లాజెల్లా ఏం తాగుతారు?" అనుకుంటూ నాంచారి బిరడాని మళ్లీ లోపలికి నొక్కేసింది.

చిలక రెండోసారి పాడింది.

"ఆగవే మాణిక్యం, ఇది ఎవరు చెప్పమన్నారు?" అంది నాంచారి.

"నన్నే అడుగుతావా నాంచారక్కా? నా గొంతు నీకు తెలీదూ?"

"గొంతు నీదే. మాట ఎవరిది?"

చిలక మూతి ముడుచుకుని, నాంచారి తన మాట వినట్లేదని పెద్దయ్యకి చెప్పడానికి కొండమీదికి ఎగిరిపోయింది. కాసేపటికి పోలయ్య రొప్పుకుంటూ దిగొచ్చాడు. భుజంమీద మాణిక్యం, వెనకాల జింకలు, అడవిపందులు.

"మాణిక్యం చెప్తే నేను చెప్పినట్టే! చెప్పిన పని చెయ్యి!" అని గర్జించాడు.

"చెయ్యను."

"పెద్దయ్యకే ఎదురు చెప్తావా? చేసెయ్యవే తల్లీ!" అన్నాయి జింకలు భయంగా.

"చెయ్యనంటే చెయ్యను! కాపలా మాన్పించండి, అడవి దాటించండి. ఈ బిరడా మాత్రం లాగను."

"ఏ బిరడా?" అన్నాడు పోలయ్య.

"అడుగు బిరడా. లాగమని మీ చిలకేగా పాడింది!"

పోలయ్య నోరు తెరిచాడు. "మతి పోయిందా? నేనెందుకు చెప్తాను?"

అందరూ చిలక వైపు తిరిగారు. మాణిక్యం రెక్కల్లో తల దాచుకుంది. "నాకేం తెలుసు... బావురుపిల్లి పిన్ని పాట బావుందని పాడాను" అంది ఏడుపు గొంతుతో.

కట్ట కింద చూస్తే ఏముంది? బావురుపిల్లి గంప పట్టుకుని కూచుంది! అడవిపందులు దాన్ని అడవి చివరిదాకా తరిమాయి.

"పోనీలే నాంచారీ, ఇకమీదట జాగ్రత్తగా ఉండు" అన్నాడు పోలయ్య.

"జాగ్రత్త చాలదు పెద్దయ్యా. నీటికుక్కల్ని పిలిచి ఈ కన్నం ఇప్పుడే పూడ్పించండి. ఇక తూము సంగతి. రోజూ పొద్దున్నే నేను మీకో పువ్వు పంపుతాను. ఏ రోజు ఏ పువ్వో మనిద్దరికే తెలియాలి. మీ మాటతోపాటు ఆ పువ్వూ తిరిగి రావాలి. రాకపోతే ఎవరు చెప్పినా తూము తియ్యను."

"ఎవరు చెప్పినానా?"

"మీరొచ్చి చెప్పినా."

మర్నాడు పోలయ్య స్వయంగా వచ్చి, "నాంచారీ, తూము కొంచెం తియ్యి" అన్నాడు.

"పువ్వేదండీ?"

"నేనేనే! కనపడట్లేదా?"

"మీరు కనపడుతున్నారు. పువ్వే కనపడట్లేదు."

పోలయ్య గొణుక్కున్నాడు, కాలు నేలకేసి కొట్టాడు. నాంచారి కదిలితేనా! చివరికి పువ్వు కోసం మళ్లీ కొండెక్కాడు. మడుగు మాత్రం నిండుగా ఉంది. జింకపిల్లలు కడుపునిండా తాగుతున్నాయి.

నీతి: గొంతు తెలిసినదే అయినా, మాట ఎవరిదో తేలేదాకా తలుపు తియ్యకూడదు.