నలభై ఏడో నెంబరు లైసెన్సు

ఆ అడవిలో నోటిమాట మీద ఏ పనీ చెల్లదు. మొసలి పళ్ళు శుభ్రం చేసే పిట్టకి లైసెన్సు ఉండాలి. గేదె వీపు మీద గోమార్లు ఏరే గోరింకకీ ఉండాలి. కొత్త ఉపాయం కనిపెట్టినా అంతే. గూడు అల్లే పద్ధతి తనదేనని గిజిగాడు ఏనాడో పేటెంటు రాయించుకున్నాడు. ఇవన్నీ తాటాకుల కట్టలో రాసిపెట్టేది వాగుగట్టు తాబేలు. ఎవరొచ్చి అడిగినా అది చదివి వినిపించి తీరాలి. అడిగే నాథుడే లేడు, అది వేరే సంగతి. మన బద్ధకం మనది!

ఓ మిట్టమధ్యాహ్నం తుంగపొదల్లో కాటుక అనే గేదె నొప్పులతో విలవిల్లాడుతోంది. తొలిచూలు. దూడ ముందుకాలు ఒకటే బయటికొచ్చింది, రెండోది రావడం లేదు. మందకి పెద్దదిక్కైన ఎర్రెద్దు పక్కనే నిలబడి ఉంది. కాటుక వీపునే నమ్ముకుని బతికే గోరింకకి కాలు నిలవడం లేదు.

"తాతా, ఏదో ఒకటి చెయ్యి! దాని ప్రాణం పోయేలా ఉంది."

"ఈ గిట్టలతో నేనేం చెయ్యగలనే తల్లీ?"

అప్పుడు దిగింది నక్క, మెడలో బెరడుముక్క ఒకటి వేలాడేసుకుని. ఆ వంగడం, ఆ దండాలు చూడాలి! నక్క వినయాలంటే ఊరికే అన్నారా?

"అరుపులు వినబడి పరిగెత్తుకొచ్చాను మావా. నా పేరు వీరప్ప. పురుళ్ళు పొయ్యడమే నా వృత్తి. నలభై ఏడో నెంబరు లైసెన్సు, ఇదిగో. ముద్ర చూసుకో."

ఎద్దు వంగి చూసింది. ముద్ర అసలుదే, తాబేలుదే.

"ఇక అందరూ అవతలికి పొండి," అంది నక్క. "పురిటిచోట నేనొక్కణ్ణే ఉండాలి."

ఆ ఒక్క మాటకి ఎద్దు మనసు కీడు శంకించింది. "గోరింకా, తాబేలు దగ్గరికి పో. నలభై ఏడు ఎవరిదో కనుక్కురా."

"దాహమేసినప్పుడు బావి తవ్వుతావా మావా? దూడ పోతే పాపం నీదే!"

"నాదే అబ్బాయ్. కాసేపు ఆగు." ఎద్దు పొదకి అడ్డంగా నిలబడింది.

వాగుగట్టున తాబేలు కట్ట విప్పి మొదటి ఆకు నుంచి మొదలుపెట్టింది. "పేటెంట్లు. ఒకటి, గిజిగాడు, గూటి అల్లిక. రెండు, సాలీడు..."

"నీకు పుణ్యముంటుంది, నలభై ఏడో లైసెన్సు ఒక్కటి చదువు!"

"మధ్యలోంచి లాగితే కట్ట చెదురుతుందమ్మా. మూడు, చెదపురుగులు..."

గోరింక కట్ట చుట్టూ గిరగిరా తిరిగింది. చివరికి వచ్చింది ఆ ఆకు. "నలభై ఏడు. వీరప్ప, నక్క. పురుళ్ళు పొయ్యడానికి లైసెన్సు ఇవ్వడమైనది..."

తాబేలు ఊపిరి తీసుకునేలోపే గోరింక తుర్రుమంది.

"ఉంది తాతా! పేరూ అదే, పనీ అదే, నెంబరూ అదే!"

"విన్నావుగా? జరుగు," అంది నక్క, నాలుక చప్పరిస్తూ.

ఎద్దు ఒక అడుగు పక్కకేసి ఆగిపోయింది. "రాసింది కడదాకా విన్నావటే?"

గోరింక తల దించుకుంది. "లేదు తాతా. ఉందనగానే వచ్చేశాను."

"మళ్ళీ పో. ఉన్నదంతా విని రా."

"ఈ ముసలాడికి మతి పోయింది!" నక్క ఎద్దు పొట్టకింద నుంచి దూరబోయింది. కొమ్ము అడ్డమొచ్చింది.

"తాతా," అంది కాటుక ఏడుస్తూ, "నా బిడ్డని నువ్వే చంపుతున్నావు. వాణ్ణి రానీ."

ఎద్దుకి కళ్ళనీళ్ళు ఆగలేదు. తన అనుమానమే తప్పయితే ఆ తల్లి ఉసురు తనకే తగులుతుందని దానికి తెలుసు. అయినా కదల్లేదు.

అవతల తాబేలు విసుక్కుంది. "చెప్పేది వినకుండానే పోతివి! ఇంకా రెండు వరుసలున్నాయి. పోయిన వానాకాలం వీరప్ప కాలం చేశాడు, లైసెన్సు రద్దు. చావుకబురు చెప్పి, బొరియ తన పేర రాయించుకున్నవాడు మేనల్లుడు సింగడు. ఇదిగో వాడి పంజా గుర్తు."

"అమ్మ దొంగా! మరి ఈ పని తెలిసినవాళ్ళు బతికున్నోళ్ళు లేరా?"

"లేకేం? అరవై రెండు, కొండముచ్చు గంగవ్వ. ఎదురుగా ఆ చింతచెట్టు మీదే ఉంటుంది. ఎవరూ అడగరు."

ఇక చూడండి, ముందు గోరింక, వెనక కొమ్మల మీద గంతులేస్తూ గంగవ్వ!

"తాతా, వీరప్ప చచ్చి ఏడాదైంది! వాడి బొరియ మేనల్లుడు సింగడి పేర ఉంది!"

నక్క తడుముకోలేదు. "తప్పు రాశారు. నేనే వీరప్పని, నిక్షేపంలా ఉన్నాను. మా అమ్మ మీద ఒట్టు!"

"అలాగా," అంది ఎద్దు నిదానంగా. "నువ్వు బతికుంటే నీ బొరియ మేనల్లుడికెలా పోతుంది? గోరింకా, ఇంకోసారి పోవే. బొరియకి సింగడి పేరు కొట్టేసి వీరప్పకి రాయమను."

"వద్దు వద్దు! అది నాది! నేనే సింగణ్ణి!"

అనేసి నోరు మూసుకుంది నక్క. ఏం లాభం? మందంతా విన్నది.

"సింగడివైతే చచ్చినవాడి లైసెన్సు మెళ్ళో ఎందుకురా?"

ఎద్దు కొమ్ము విసిరింది. ఆ ఒక్క విసురుకి నక్క ఎగిరి నాలుగు పల్టీలు కొట్టింది, బెరడు ఎటో, అది ఎటో.

పొదలో గంగవ్వ దూడని మెల్లగా లోపలికి నెట్టి, మడతపడ్డ రెండో కాలు వేళ్ళతో వెతికి పట్టుకుని ముందుకి లాగింది. "ఇప్పుడు ముక్కు తల్లీ, గట్టిగా!" తడితడిగా దూడ గడ్డిమీద పడింది. ఒక క్షణం చప్పుడు లేదు. తర్వాత తుమ్మింది. ఎర్రెద్దు అక్కడే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చేసింది.

నాలుగు రోజులకి నక్క కుంటుకుంటూ తాబేలు దగ్గరికి చేరింది. "ఏదో కొత్తగా రాశావట నా పేర?"

తాబేలు కట్ట విప్పింది. "సింగడు, నక్క. చచ్చినవాడి లైసెన్సుతో దూడ కోసం వచ్చినవాడు."

"చెరిపెయ్ తాతా, నీ కాళ్ళు పట్టుకుంటా! ఎక్కడికెళ్ళినా ముందు ఇదే అడుగుతున్నారు."

"రాయడానికే నాయనా నాకు లైసెన్సు," అంది తాబేలు. "చెరపడానికి లేదు."

నీతి: ముద్ర చూసి మురిసిపోకు, రాసింది కడదాకా విను.